సాదినోళ్లకు సంతకం లేదు

2024 ఏప్రిల్ 19, శుక్రవారం. పొద్దు పొడిచీ పొడవకముందే మొయినాబాద్ మండలంలోని చిలుకూరు దారులు బండ్లతో బిగుసుకుపోయాయి. బాలాజీ బ్రహ్మోత్సవాల్లో పంచే గరుడ ప్రసాదం తింటే పిల్లలు లేనివాళ్లకు కడుపు పండుతుందన్న కబురు ఫోన్లలో ఊరూరా పాకింది. గుడివాళ్లు వేసుకున్న అంచనా ఎక్కడ, వచ్చిన జనం ఎక్కడ! కార్లు కిలోమీటర్ల పొడవునా ఆగిపోయాయి. కొందరు బండి రోడ్డు పక్కన వదిలేసి ఎండలో నడిచారు, గుప్పెడు ప్రసాదం కోసం. ఒక బిడ్డ కోసం మనవాళ్లు ఎంత దూరమైనా నడుస్తారని ఆ రోజు హైదరాబాద్ మొత్తానికీ తెలిసింది.

అంతకు రెండేళ్ల ముందు, 2021 డిసెంబరులో, ఇదే పడమటి దిక్కున వికారాబాద్ రోడ్డు మీది ఒక రిసార్టులో మరో వేడుక జరిగింది. సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ అనే ఇద్దరు హైదరాబాద్ వాసులు అయినవాళ్ల సమక్షంలో ఉంగరాలు మార్చుకున్నారు. ఒకరిది బెంగాలీ కుటుంబం, ఇంకొకరిది పంజాబీ కుటుంబం. రెండిళ్ల ఆచారాలూ జరిగాయి. మెహందీ పెట్టుకున్నారు, పసుపు పూసుకున్నారు. హైదరాబాద్‌కే చెందిన ట్రాన్స్ మహిళ సోఫియా డేవిడ్ దగ్గరుండి తంతు నడిపించారు. తొమ్మిదేళ్లుగా కలిసి ఉన్నవాళ్లకు అప్పుడే ఎందుకు ఆ ఆలోచన వచ్చిందో తర్వాత వేసిన కోర్టు కాగితాల్లో ఉంది. కరోనా రెండో దఫాలో ఇద్దరికీ జబ్బు చేసింది. కోలుకున్నాక, ఒకరికొకరం ఉన్నామని పదిమంది ముందు చెప్పుకోవాలనిపించింది.

ఏడాది తిరక్కుండా, 2022 నవంబరులో, ఆ ఇద్దరి పేరు మీద సుప్రీంకోర్టుకు వెళ్లిన పిటిషన్‌ను ఇవాళ దేశమంతా ‘సుప్రియో కేసు’ అంటోంది. టీవీ చర్చల్లో అది పెళ్లి కేసు. కాగితాలు తిరగేస్తే పిల్లల కేసు కూడా. పిల్లల్ని దత్తత తీసుకునే వీలు లేకపోవడం పెళ్లి గుర్తింపు లేనందువల్ల కోల్పోతున్న హక్కుల్లో ఒకటని హైదరాబాద్ జంట రాసుకుంది. అదే రోజు కోర్టు నోటీసులిచ్చిన రెండో పిటిషన్ పార్థ్ ఫిరోజ్ మెహ్రోత్రా, ఉదయ్ రాజ్ ఆనంద్‌లది. పదిహేడేళ్లుగా కలిసి ఉంటున్నారు, ఇద్దరు పిల్లల్ని పెంచుతున్నారు. ఆ పిల్లలిద్దరికీ తామిద్దరం చట్టప్రకారం తల్లిదండ్రులం కాలేకపోతున్నామన్నది వాళ్ల మొర.

ఈ కథనం ఆ మొర గురించి. పెళ్లి గురించి తీర్పు వచ్చింది, వాదనలు అయ్యాయి, ఎవరి పక్షం వాళ్లది. ఒక ఇంట్లో ఇద్దరు పెంచుతున్న బిడ్డకు చట్టం ఒక్కరినే అమ్మగానో నాన్నగానో రాసుకుని రెండోవాళ్లను బయటివాళ్లుగా ఎందుకు ఉంచుతోందన్న ప్రశ్న మాత్రం అలాగే ఉండిపోయింది.

ఒక ఇల్లు ఊహించుకుందాం

చేవెళ్లలో ఒక ఇల్లు అనుకుందాం. ఇందులో మనుషులు కల్పితం, చట్టం మాత్రం అసలుది. ఇద్దరు ఆడవాళ్లు. ఒకామె టీచరు. ఇంకొకామె మొయినాబాద్ దగ్గర జెర్బెరా పూలు పెంచే పాలీహౌస్‌లో లెక్కలు చూస్తుంది. టీచరమ్మ ఒంటరి మహిళగా దరఖాస్తు పెట్టుకుని ఒక పాపను దత్తత తెచ్చుకుంది. చట్టం దానికి ఒప్పుకుంటుంది. పాపకు ఇప్పుడు ఆరేళ్లు. పొద్దున్నే జడలు వేసేది, స్కూలు బస్సు ఎక్కించేది, రాత్రి జ్వరమొస్తే తడిగుడ్డ వేస్తూ కూర్చునేది పూలతోట ఆమె.

స్కూల్లో చేరేటప్పుడు ఫారంలో తల్లి పేరు ఒక్కటే పడింది. అది పెద్ద బాధ కాదు. 2016 డిసెంబరు నుంచి పాస్‌పోర్టుకు కూడా తల్లిదండ్రుల్లో ఒకరి పేరు చాలు. అసలు బాధ ఆస్పత్రిలో మొదలవుతుంది. టీచరమ్మ ఎన్నికల డ్యూటీలో ఉన్న రోజు పాప కింద పడి చెయ్యి విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ చెయ్యాలి, సంతకం కావాలి. కౌంటర్ దగ్గర అడిగారు: “పాపకు మీరేమవుతారమ్మా?” ఆమె నోటి నుంచి వచ్చిన మాట “చిన్నమ్మను.”

మన భాష ఆమెను కాపాడింది. తెలుగులో బిడ్డకు అమ్మలు ఎందరో. పెద్దమ్మ, చిన్నమ్మ, అమ్మమ్మ, నాన్నమ్మ. నాన్నలూ అంతే, పెదనాన్న, చిన్నాన్న. సాకే చెయ్యి ఎవరిదైనా ఆ పేరు చివర ఒక అమ్మనో నాన్ననో పెట్టి పిలుచుకున్నాం. తెలంగాణలో ఇంకా మంచి మాటే ఉంది: సాదుడు. కన్నోళ్లు వేరు, సాదినోళ్లు వేరు, సాదినోళ్ల రుణం తీరదని ముసలివాళ్లు ఇప్పటికీ అంటారు. చట్టం పుస్తకంలో మాత్రం ఆ ఖాళీలో ఒక్క పేరుకే చోటు.

ఇక అసలు భయం. చేవెళ్ల, మొయినాబాద్‌ల మీదుగా పోయే జాతీయ రహదారి మీద బతుకు ఎంత సన్నని దారమో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. 2025 నవంబరు 3న మీర్జాగూడ దగ్గర ఆర్టీసీ బస్సును కంకర టిప్పర్ ఢీకొని 19 మంది పోయింది ఇక్కడే. టీచరమ్మకు ఏదైనా జరిగితే ఆ పాప ఎవరి దగ్గర ఉంటుంది? ఆరేళ్లు సాదిన మనిషికి ఆ బిడ్డ మీద చట్టంలో పేరున్న బంధం ఒక్కటీ లేదు. టీచరమ్మ తల్లిదండ్రులు వచ్చి తీసుకెళ్తామంటే అడ్డు చెప్పే హక్కు లేదు. కోర్టుకు వెళ్లి, 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద, పిల్ల క్షేమం దృష్ట్యా నన్ను సంరక్షకురాలిగా నియమించండని కొత్తగా అడుక్కోవాలి. అప్పటికే అమ్మను పోగొట్టుకున్న పిల్ల, రెండో అమ్మ గురించి జడ్జి తేల్చేదాకా ఎదురుచూడాలి.

పూలతోట ఆమె ముందు పోయినా పాపకు నష్టమే. వీలునామా రాయకపోతే ఆమె సంపాదించిన దాంట్లో పాపకు పైసా రాదు. కుటుంబ పింఛను రాదు. బతికుండగా ఏడాదిలో 50 వేల రూపాయలు దాటి పాప పేరిట ఏమైనా ఇచ్చినా ఆదాయపు పన్ను చట్టం దాన్ని పరాయివాళ్లు ఇచ్చిన బహుమతిగానే చూస్తుంది.

దారులన్నీ ఎక్కడ మూసుకున్నాయి

వకీలును అడిగితే నాలుగు దారులు చూపిస్తారు. ఒక్కొక్కటీ నడిచి చూద్దాం.

మొదటిది 1956 నాటి హిందూ దత్తత, భరణాల చట్టం. ఇందులో 10వ సెక్షన్ ఒకసారి దత్తత అయిన బిడ్డను మళ్లీ దత్తత తీసుకోవడానికి లేదంటుంది. 11వ సెక్షన్ ఒకే బిడ్డను ఒకేసారి ఇద్దరు దత్తత తీసుకోకూడదంటుంది. టీచరమ్మ పాపకు ఈ దారి అక్కడితో సరి.

పాప దత్తత కాకుండా టీచరమ్మ కన్నబిడ్డే అయితే? ఇక్కడ చట్టం చూపించే మార్గం చదివితే గుండె చివుక్కుమంటుంది. కన్నతల్లి తన బిడ్డను తన సహచరికి దత్తత ఇవ్వవచ్చు. కానీ 12వ సెక్షన్ ప్రకారం దత్తత జరిగిన క్షణం నుంచి బిడ్డకు పుట్టిన కుటుంబంతో బంధాలన్నీ తెగిపోతాయి. ఒకామె అమ్మ కావాలంటే ఇంకొకామె అమ్మగా ఉండకుండా పోవాలి. ఒకే ఇంట్లో, ఒకే పళ్లెంలో అన్నం కలిపి పెడుతూ.

రెండోది 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం. దీని కింద దత్తతల్ని నడిపించేది కేంద్ర దత్తత వనరుల సంస్థ, అందరూ ‘కారా’ అంటారు. 2022 సెప్టెంబరు నుంచి దత్తత ఉత్తర్వు ఇచ్చేది కోర్టు కాదు, జిల్లా కలెక్టరు. చట్టంలోని 57వ సెక్షన్ ఒంటరివాళ్లూ విడాకులైనవాళ్లూ దత్తత తీసుకోవచ్చంటుంది, ఒంటరి మగవాడికి ఆడపిల్లను మాత్రం ఇవ్వదు. జంటలకు వచ్చేసరికి కారా రూపొందించిన 2022 రెగ్యులేషన్స్‌లో 5(3) అడ్డు నిలుస్తుంది: కనీసం రెండేళ్లు స్థిరమైన వైవాహిక బంధం ఉంటే తప్ప జంటకు బిడ్డను ఇవ్వకూడదు. బంధువుల దత్తతకు, సవతి తల్లి లేదా సవతి తండ్రి దత్తతకు మాత్రం మినహాయింపు ఉంది. ఆ మినహాయింపును గుర్తుంచుకోండి, చివర్లో దాని దగ్గరికే వస్తాను.

మూడోది ఇందాక చెప్పిన గార్డియన్‌షిప్. అది పద్దెనిమిదేళ్లు నిండగానే ఆగిపోతుంది, వారసత్వం ఇవ్వదు. అమ్మ కాదు, అమ్మ తరఫున కాపలా. నాలుగోది వీలునామా. ఆస్తి వరకు పనికొస్తుంది, ఆస్పత్రి కౌంటర్ దగ్గర పనికిరాదు.

ఇది స్వలింగ జంటల గోల, మనకెందుకు అనుకునే పాఠకులకు ఇంకో ఇల్లు చూపిస్తాను. ఇది ఊహించుకోనక్కర్లేదు, ఇలాంటివి మీ వీధిలోనే ఉంటాయి. భర్త వదిలేసి వెళ్లిపోయాడు, విడాకుల కేసు ఫ్యామిలీ కోర్టులో ఏళ్లుగా వాయిదాలు పడుతోంది. ఆమె ఇంకొకతనితో కలిసి బతుకుతోంది. ఆమె కొడుకును అతనే చదివిస్తున్నాడు. విడాకులు రాలేదు కాబట్టి పెళ్లి చేసుకోలేరు, పెళ్లి లేదు కాబట్టి అతను సవతి తండ్రి కూడా కాడు. తెలంగాణ పల్లెల్లో ఎన్నో కులాల్లో మారుమనువు ఉండేది. పెద్దమనుషులు కూర్చుని తేల్చేవాళ్లు. అమ్మతో పాటు వచ్చిన బిడ్డ కొత్త ఇంటి బిడ్డయ్యేది. ఊరు ఒప్పుకున్న ఆ తండ్రితనాన్ని ఇవాళ కలెక్టరాఫీసు కాగితం ఒప్పుకోదు.

ఇంకో వైపరీత్యం ఉంది. సహజీవనంలో ఉన్నవాళ్లు ఒంటరివాళ్లుగా దరఖాస్తు పెట్టుకున్నా పరిశీలించవద్దని 2022 జూన్ 16న కారా ఒక సర్క్యులర్ ఇచ్చింది. అంటే అడ్డు చెప్పాల్సి వచ్చినప్పుడు రెండో మనిషి ప్రభుత్వానికి కనిపిస్తాడు, బాధ్యత అప్పగించాల్సి వచ్చినప్పుడు కనిపించడు. దీనివల్ల ఏమవుతుందో సామాజిక కార్యకర్తలను అడగండి. ఇల్లు చూడటానికి వచ్చే రోజున ఆ రెండో మనిషి బట్టలు బీరువాలోంచి మాయమవుతాయి, టూత్‌బ్రష్ మాయమవుతుంది, ఫొటోలు గోడ దిగుతాయి. బిడ్డ పక్కన రోజూ పడుకోబోయే మనిషి ఎలాంటివాడో, ఏం సంపాదిస్తాడో, మీద కేసులున్నాయో లేవో విచారించే అవకాశం రాజ్యం తన చేతులారా వదులుకుంటోంది. పిల్లల రక్షణ పేరిట పెట్టిన నిబంధన పిల్లల రక్షణనే గుడ్డిది చేస్తోంది.

ముగ్గురు ఇద్దరైతే

2023 ఏప్రిల్ 18 నుంచి మే 11 దాకా పది రోజులు రాజ్యాంగ ధర్మాసనం వాదనలు వింది. అక్టోబరు 17న తీర్పు. పెళ్లి హక్కును రాజ్యాంగం హామీ ఇవ్వలేదని అయిదుగురూ ఒక్కమాటగా చెప్పారు. దత్తత దగ్గరే చీలిపోయారు.

ప్రధాన న్యాయమూర్తి డి.వై. చంద్రచూడ్, జస్టిస్ సంజయ్ కిషన్ కౌల్ 5(3) చెల్లదన్నారు. పెళ్లైన స్త్రీ పురుషులు మాత్రమే మంచి తల్లిదండ్రులవుతారని చెప్పే ఆధారమేదీ ప్రభుత్వం చూపించలేదని, స్వలింగ వ్యక్తి ఒంటరిగా దత్తత తీసుకోవచ్చుగానీ జంటగా కూడదనడం వివక్షేనని చంద్రచూడ్ రాశారు. జస్టిస్ రవీంద్ర భట్, తెలంగాణ హైకోర్టుకు ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసిన జస్టిస్ హిమా కోహ్లి, మన తెలుగువారైన జస్టిస్ పి.ఎస్. నరసింహ ఒప్పుకోలేదు. మూడుకు రెండు. నిబంధన నిలిచింది. 2025 జనవరి 9న రివ్యూ పిటిషన్లు కూడా కొట్టేశారు.

ఓడిపోయిన పక్షానికి మెజారిటీ తీర్పు మీద కోపం సహజం. అయినా ఆ తీర్పును ఓపికగా చదవాలని నా మనవి. పెళ్లికాని జంటలు పిల్లల్ని సరిగా పెంచలేరని జస్టిస్ భట్ అనలేదు. ఆయన సందేహం వేరు. పెళ్లి విచ్ఛిన్నమైతే భరణం, సంరక్షణ, చూసేందుకు వెళ్లే హక్కు అన్నిటికీ చట్టంలో ఏర్పాటు ఉంది. పెళ్లే లేని జంట విడిపోతే బిడ్డకు ఆ గొడుగు ఏదీ అని అడిగారు. అదే చోట ఇంకో మాట కూడా చెప్పారు. ఒంటరిగా దత్తత తీసుకున్నవాళ్లు తర్వాత పెళ్లి లేని బంధంలో ఉంటూ, అనుకోనిది ఏదైనా జరిగితే, ఆ బిడ్డ పెళ్లైనవాళ్ల దత్తత బిడ్డకు దక్కేవి కోల్పోవచ్చని, ఈ వాస్తవాన్ని కారా, కేంద్ర ప్రభుత్వం పట్టించుకోవాలని, అందుకు తగిన వేదిక కోర్టు కాదని రాశారు. అంటే మన టీచరమ్మ ఇల్లు ఆ న్యాయమూర్తుల కళ్లకు కనిపించింది. తాళం చెవి మాత్రం ప్రభుత్వం చేతిలో పెట్టారు.

గొడుగు ప్రశ్న న్యాయమైనదే. దానికి జవాబు దత్తత చట్టంలోనే ఉంది. పెళ్లి విడాకులతో రద్దవుతుంది. దత్తత అలా రద్దు కాదు. సక్రమంగా జరిగిన దత్తతను తల్లిగానీ తండ్రిగానీ రద్దు చేసుకోలేరని 1956 చట్టం 15వ సెక్షన్ అంటుంది. బిడ్డను పోషించే బాధ్యత 20వ సెక్షన్ తల్లి మీదా తండ్రి మీదా పెడుతుంది. రెండోవాళ్లకు దత్తత హక్కు ఇస్తే వాళ్ల మెడలో తేలిగ్గా తీసేయలేని బాధ్యత పడుతుంది. ఇవాళ ఆ జంట విడిపోతే రెండో మనిషి చెప్పులేసుకుని వెళ్లిపోవచ్చు, నయా పైసా ఇవ్వనక్కర్లేదు, ఏ కోర్టూ ఆపదు. బిడ్డకు గొడుగు లేనిది ఇప్పుడే.

ఊడ దిగినంత మాత్రాన మొదలు చావదు

మొయినాబాద్ దాటాక రోడ్డుకు అటూ ఇటూ మర్రిచెట్లు మొదలవుతాయి. మన్నెగూడ దాకా తొమ్మిది వందలకు పైనే ఉన్నాయని లెక్క. రోడ్డు విస్తరణలో అవి పోకూడదని పౌరులు జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లారు. ఆ చెట్ల కింద ఆగి చూడండి. కొమ్మ నుంచి దిగిన ఊడ నేల తాకి, వేరు పట్టి, కొన్నేళ్లకు మాను అవుతుంది. పాత మాను తన చోట తాను ఉంటుంది. చెట్టుకు ఆధారం రెండింతలవుతుంది.

తెంచకుండా కలపడం మన చట్టానికి కొత్తేమీ కాదు. పాత ధర్మశాస్త్రంలో ద్వ్యాముష్యాయణ దత్తత అని ఉండేది. ఆ మాటకు అర్థమే ఇద్దరు తండ్రుల కొడుకు. కన్న తండ్రి, దత్త తండ్రి ముందే మాట అనుకుని, బిడ్డ ఇద్దరికీ కొడుకుగా, ఇద్దరికీ వారసుడిగా ఉండేవాడు. మన రెడ్లలో, కమ్మవారిలో ఇల్లటం ఉండేది. మగసంతానం లేని మామ, అల్లుణ్ని ఇంటికి తెచ్చుకుని కొడుకులా వాటా ఇస్తానని మాట ఇచ్చేవాడు. బ్రిటిష్ కాలపు మద్రాసు కోర్టులు ఆ మాటను ఆచారంగా గుర్తించాయి. అందులోని విశేషం ఏమిటంటే, ఇల్లటపు అల్లుడికి తన పుట్టింట్లో హక్కులు పోవు. అవి ఆస్తి కోసం, వంశం కోసం పుట్టిన ఏర్పాట్లని నాకు తెలుసు. బిడ్డ మనసు గురించి వాటిలో ఎవరూ ఆలోచించలేదు. ఆస్తి కాపాడుకోవడానికి ఇంత తెలివి చూపించినవాళ్లం, బిడ్డను కాపాడటానికి చూపించలేమా?

బయటి దేశాల్లోనూ ఈ చిక్కుముడి ఇలాగే ఉండేది. అమెరికాలోని వెర్మాంట్ సుప్రీంకోర్టుకు 1993లో సరిగ్గా మన 12వ సెక్షన్ లాంటి సమస్యే వచ్చింది. కన్నతల్లి సహచరి పిల్లల్ని దత్తత అడిగింది. కన్నతల్లి హక్కులు తెగాలని చట్టం అక్షరం. పిల్లల మేలు కోసం రాసిన చట్టం పిల్లల నుంచి తల్లిని లాగేసుకోవాలని కోరదని కోర్టు చెప్పి, ఇద్దరినీ తల్లులుగా ఉంచింది. రెండో తల్లి లేదా తండ్రి దత్తత అన్న ఆలోచన అలా ఒక్కో రాష్ట్రానికీ పాకింది. అమెరికాలో 2015లో స్వలింగ వివాహం చట్టబద్ధమైనా, రాష్ట్రం మారితే ఇబ్బంది రాకుండా ఆ దత్తత కాగితం చేయించుకోమనే అక్కడి వకీళ్లు ఇప్పటికీ చెబుతారు. టెక్సస్‌లో, న్యూజెర్సీలో ఉన్న మనవాళ్ల పిల్లలకూ వర్తించే సలహా అది.

నాకు అన్నిటికన్నా దగ్గరగా అనిపించేది దక్షిణాఫ్రికా కథ. తెలుగువాళ్లు చెరకు తోటల కూలీలుగా ఓడలెక్కి వెళ్లి స్థిరపడిన దేశం అది. అక్కడ హైకోర్టు న్యాయమూర్తి అన్నా మేరీ డి వోస్, ఆమె సహచరి సుజాన్ డు టాయిట్ 1995లో ఇద్దరు తోబుట్టువుల్ని తెచ్చుకున్నారు. జంటగా దత్తత పెళ్లైనవాళ్లకే అని చట్టం. కాబట్టి కాగితం మీద డి వోస్ ఒక్కరే తల్లి. న్యాయమూర్తిగా ఆమె రోజంతా కోర్టులో ఉంటే ఇంట్లో పిల్లల్ని చూసుకునే డు టాయిట్‌కు వాళ్ల మీద హక్కు లేదు. ఇద్దరూ కోర్టుకెక్కారు. 2002 సెప్టెంబరులో రాజ్యాంగ న్యాయస్థానం ఆ నిబంధన పిల్లల మేలుకు విరుద్ధమని చెప్పి, జీవిత సహచరులు కలిసి దత్తత తీసుకోవచ్చంది. ఆ దేశంలో స్వలింగ వివాహం చట్టమైంది 2006లో. పెళ్లి సంగతి తేలకముందే, నాలుగేళ్ల ముందు, పిల్లల సంగతి తేల్చారు. సుప్రియో తీర్పు తర్వాత ఇక చేసేదేమీ లేదనుకునేవాళ్లు ఈ తేదీలు చూడాలి.

పెళ్లికాని స్త్రీ పురుషుల విషయంలో జర్మనీ దారి ఉపయోగపడుతుంది. సహచరుల బిడ్డను దత్తత తీసుకునే హక్కు పెళ్లైనవాళ్లకే పరిమితం చేయడం చెల్లదని అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం 2019లో తేల్చింది. 2020 మార్చిలో చట్టం మారింది. నాలుగేళ్లు కలిసి బతికారా, లేక ఉమ్మడి బిడ్డ ఉందా అన్నది కొలమానంగా పెట్టుకున్నారు. మనం రెండేళ్ల పెళ్లి అడుగుతున్నాం. బంధం నిలకడను కొలవడమే ఉద్దేశమైతే అందుకు గజంబద్దలు ఇంకా ఉన్నాయని అర్థం.

జాగ్రత్త వద్దని ఎవరన్నారు

దత్తత అనగానే గట్టి నిబంధనలు ఉండాల్సిందేనన్న పట్టుదల మనకు ఊరికే రాలేదు. 1999లోనూ 2001లోనూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో బయటపడ్డ పసిపిల్లల అమ్మకాలు గుర్తున్నవాళ్లకు గుర్తుంటాయి. పేదరికాన్ని ఆసరా చేసుకుని లంబాడా తండాల నుంచి ఆడశిశువుల్ని కొని, కాగితాలు పుట్టించి, విదేశీ దత్తతలకు పంపిన దళారుల కథలవి. సామాజిక కార్యకర్త గీతా రామస్వామి లాంటివాళ్లు తండాలు తిరిగి ఆ గుట్టు రాశారు. అప్పట్లో రంగారెడ్డి జిల్లాలో భాగమైన తాండూరు పేరూ ఆ వార్తల్లో వచ్చింది. మొయినాబాద్, చేవెళ్ల రోడ్డు పట్టుకుని ఇంకా పడమటికి వెళ్తే వచ్చే ఊరే అది. హైదరాబాద్ మధురానగర్‌లోని శిశువిహార్‌లో ఊయలల వరస చూసిన ఎవరూ దత్తత నిబంధనలు సడలించమని తేలిగ్గా అనలేరు.

నేనూ అనడం లేదు. రెండో మనిషి దత్తతకూ హోమ్ స్టడీ ఉండాలి, పోలీసు విచారణ ఉండాలి, మొదటి తల్లి లేదా తండ్రి రాతపూర్వక సమ్మతి ఉండాలి. బిడ్డ మాట చెప్పగల వయసుకు వస్తే బిడ్డను అడగాలి. ఇక్కడ కొత్తగా ఏ బిడ్డనూ ఎవరి ఒడి నుంచీ తీయడం లేదు. దేశంలో ఏడాదికి నాలుగున్నర వేల దత్తతలు జరగడమే గగనం, వరుసలో ఎదురుచూసే కుటుంబాలు 30 వేలు దాటాయి. ఆ వరుసలో ఒక్కరినీ ఇది వెనక్కి నెట్టదు. బిడ్డ ఇప్పటికే ఆ ఇంట్లో ఉంది, ఆ చేతి అన్నమే తింటోంది. కాగితం మాత్రమే వెనకబడింది.

కోర్టులు మెల్లగా అటే అడుగులు వేస్తున్నాయి. కుటుంబమంటే అమ్మా నాన్నా పిల్లలు మాత్రమే కాదని, పెళ్లి లేని బంధాలూ కుటుంబాలేనని 2022 ఆగస్టులో దీపికా సింగ్ కేసులో సుప్రీంకోర్టు అంది. అది ఒక నర్సు ప్రసూతి సెలవు కేసు. 2024 డిసెంబరులో కలిసి బతకాలనుకున్న ఇద్దరు యువతుల పక్షాన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నిలబడింది. 2025 మేలో మద్రాసు హైకోర్టు, కుటుంబం ఏర్పడటానికి పెళ్లి ఒక్కటే దారి కాదని చెప్పింది. కేంద్రం కూడా 2024లో స్వలింగ జంటలు ఉమ్మడి బ్యాంకు ఖాతా తెరవచ్చని, రేషన్ కార్డులో ఒకే ఇంటివాళ్లుగా ఉండవచ్చని చెప్పింది. బియ్యం దగ్గర ఒకే కుటుంబమైనవాళ్లు బిడ్డ దగ్గర ఎందుకు కారు?

సుశీల్ కుమార్ మోదీ అధ్యక్షతన పార్లమెంటు స్థాయీ సంఘం 2022 ఆగస్టులో ఇచ్చిన నివేదిక అన్ని మతాలవారికీ, ఎల్జీబీటీక్యూ వర్గానికీ వర్తించే ఒకే దత్తత చట్టం తెమ్మంది. అది పెద్ద పని, వాయిదా పడుతూనే ఉంటుంది. అంతదాకా చేయగలిగిన చిన్న పని ఒకటుంది. 5(3) నిబంధనలో ఇప్పటికే రెండు మినహాయింపులున్నాయి, బంధువులకు ఒకటి, సవతి తల్లిదండ్రులకు ఒకటి. ఆ రెండూ ఎందుకు పెట్టారు? బిడ్డ ముందే ఆ మనుషుల మధ్య ఉంది కాబట్టి, కొత్తగా పరీక్షించాల్సింది పెళ్లై ఎన్నేళ్లయిందన్నది కాదు కాబట్టి. బిడ్డను నిర్ణీత కాలంగా సాదుతున్న సహచరుల విషయంలోనూ అదే కారణం వర్తిస్తుంది. రెగ్యులేషన్లు రూపొందించే అధికారం చట్టం కారాకే ఇచ్చింది. ముగ్గురు న్యాయమూర్తులు పరిశీలించమని చెప్పి రెండేళ్లు దాటింది.

కారా అధికారులకు, కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖకు, చేవెళ్ల సహా తెలుగు రాష్ట్రాల ఎంపీలందరికీ విన్నపం: ఆ వాక్యంలో మూడో మినహాయింపు చేర్చండి. స్కూళ్లు, ఆస్పత్రులు నడిపేవాళ్లకు ఇంకొకటి: చట్టం మారేదాకా ఆగకుండా మీ ఫారాల్లో తల్లి, తండ్రి గడుల కింద ‘బిడ్డను పెంచుతున్న మరొకరు’ అని ఒక గడి, దాని పక్కన ఫోన్ నంబరుకు చోటు పెట్టండి. అందుకు ఎవరి అనుమతీ అక్కర్లేదు.